బుడంకాయకి తగిన సైకిల్

మా ఇల్లు, ముందు గది కిటికీ పక్కన
అక్టోబరు మొదట్లో

కోడలికి,

కోర్టు లెక్కలో నువ్వు ఇప్పుడు నా కోడలివి కాదని తెలుసు. కానీ ఈ వయసులో ఇంకో పిలుపు అలవాటు చేసుకునే ఓపిక నాకు లేదు, కోర్టువారు క్షమించాలి. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. కిందటిసారి ఫోన్‌లో మనిద్దరం ఎంత ముద్దుగా మాట్లాడుకున్నామో, ఎవరు ముందు పెట్టేశారో నీకు గుర్తుండే ఉంటుంది. అప్పటినుంచి మీ గడప తొక్కలేదు. కాగితం మీదైతే కనీసం నువ్వు మధ్యలో అడ్డు రావు.

ముందుగా, వేసవిలో నువ్వు రాసిన ఉత్తరం దీనితో తిప్పి పంపుతున్నాను. ఎర్ర సిరాతో దిద్దాను. 'శ్రద్ధ' అనే మాట నువ్వు రాసిన ప్రతి చోటా ఒక్కో రకంగా ఉంది, ఒక్కటీ సరైనది కాదు. పిల్ల చదువు మీద చాలా శ్రద్ధ పెడుతున్నానని చెప్పే వాక్యంలోనే ఆ తప్పు రావడం మరీ బాగుంది. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను కానీ నా కళ్ళు రిటైరు కాలేదు.

ఇక అసలు సంగతి. క్రిస్మస్‌కి బుడంకాయకి సైకిల్ కొనాలని మా అబ్బాయి అనుకుంటున్నాడు. ఫర్నిచర్ షోరూముకి మేనేజరంటే తీరిక ఉండదు, సోఫాలు వాటంతట అవి నడిచి వెళ్ళిపోవు కదా. అందుకని వివరాలన్నీ కనుక్కోమని నాకు అప్పజెప్పాడు. పిల్ల ఇప్పుడు ఎంత ఎత్తుంది, ఏ రంగు ఇష్టం, ఇదివరకు ఎప్పుడైనా తొక్కిందా, అన్నీ వివరంగా రాయి. తొమ్మిదో ఏడు నడుస్తున్న పిల్లకి ఇంకా సైకిల్ లేకపోవడం ఏమిటో నాకు అర్థం కాదు. మీ వీధి పిల్లలంతా తొక్కుతుంటే ఇది గేటు కమ్మీలు పట్టుకుని నిలబడుతుందని విన్నాను. ఎవరు చెప్పారని అడగకు.

మీ అత్తగారు

◆

ఆస్పత్రి, ఎక్స్‌రే గది
అక్టోబరు మధ్యలో

అత్తగారికి,

మీరు దిద్దిన ఉత్తరం అందింది. ఫ్రేము కట్టించి గోడకి తగిలిద్దామనుకున్నాను, మేకు దొరకలేదు.

సైకిల్ వద్దు. ఎందుకో చెబుతాను, తర్వాత మీరెలాగూ దిద్దుతారు. క్రిస్మస్ మర్నాటినుంచి మా వరండా బెంచీ మీద కొత్త సైకిళ్ళ పిల్లలు వరసగా కూర్చుంటారు. ఒకరికి మణికట్టు, ఒకరికి మోచెయ్యి, ఇంకొకరికి మెడ కింద ఎముక. పక్కనే తండ్రి, ఆయన ఒళ్ళో ప్లాస్టిక్ కవరు కూడా విప్పని హెల్మెట్టు. "నెమ్మదిగానే తొక్కింది మేడమ్" అంటాడు. ఆ నెమ్మది ఎంతో నాకు ఫిల్ములో కనబడుతుంది. ఆ బెంచీ మీద నా కూతుర్ని కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

అసలు మీ అబ్బాయి వివరాలు కనుక్కోమన్నాడంటేనే నాకు నవ్వొచ్చింది. తన పెళ్ళికి తన చొక్కా సైజు కనుక్కోకుండా వచ్చి, తమ్ముడి చొక్కాతో పీటల మీద కూర్చున్న మనిషి అతను. కాపురం చేసినన్నాళ్ళలో నాకు కొన్న పుట్టినరోజు బహుమతి ఒకటే, కారు కడిగే గొట్టం. అలాంటివాడు బుడంకాయకి కిందటేడు రంగుల పెట్టె పంపాడు, అంతకుముందు గ్లోబు పంపాడు. రెండూ మంచివే. నా అనుమానం కూడా అదే. కొత్త కాపురం పెట్టినవాళ్ళకి కొత్త తెలివితేటలు వస్తాయేమో మరి.

గేటు సంగతి మీకు పైవాటావాళ్ళ బామ్మగారు చెప్పి ఉంటారు. ఆవిడకి నా నమస్కారాలు, ఆవిడ కళ్ళజోడుకి కూడా.

మీ (కోర్టు ఒప్పుకోని) కోడలు

◆

సైకిళ్ళ కొట్టు ఎదుట, టీకొట్టు బల్ల మీద
అక్టోబరు చివర

కోడలికి,

నీ తర్కానికి చాలాసేపు నవ్వుకున్నాను. దెబ్బ తగిలిన పిల్లలే నీ గదికి వస్తారు. సైకిల్ తొక్కి, క్షేమంగా ఇంటికెళ్ళి, అన్నం తిని పడుకున్న పిల్లలెవరూ 'మాకేం కాలేదు' అని చెప్పడానికి నీ దగ్గరికొచ్చి ఎక్స్‌రే తీయించుకోరు. ఈ మాత్రం ఆలోచన లేకుండా నీకు ఆ ఉద్యోగం ఎలా ఇచ్చారో.

నేను ఊళ్ళో కొట్లన్నీ తిరిగాను. మొదటిది పెద్ద అద్దాల కొట్టు. లోపల చలి. మెడకి టై కట్టుకున్న అబ్బాయి వచ్చి, "ఇది ఒట్టి సైకిల్ కాదు మేడమ్, ఒక ఎక్స్‌పీరియన్స్" అన్నాడు. నాకు సైకిల్ చాలు నాయనా, ఎక్స్‌పీరియన్స్ నా దగ్గర కావలసినంత ఉంది అన్నాను. వాడి ముఖం చూడాల్సింది. ఆడపిల్లలకని ఒక వరస పెట్టాడు, అన్నీ గులాబీ రంగు, బుట్ట, రిబ్బన్లు, వెనక బొమ్మని కూర్చోబెట్టే కుర్చీ. పిల్ల తొక్కడానికా, పెళ్ళికి ఊరేగించడానికా తెలియలేదు. మగపిల్లలవి అయితే మోటారు సైకిల్‌గా పుట్టలేకపోయామని కుమిలిపోతున్నట్టు ఉన్నాయి. ఒకదానికి లెక్కలేనన్ని గేర్లు. మీ వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళడానికి అవన్నీ ఎందుకు? వచ్చేశాను.

ఈ ఎదుటి కొట్టు చిన్నది. యజమాని నీకంటే ముభావం. లోపలికి వెళితే రండనలేదు, కూర్చోమనలేదు. పిల్ల ఎత్తు చెబుతానంటే తల అడ్డంగా ఊపాడు. "ఎత్తెందుకమ్మా, కాలు లోపలి కొలత కావాలి" అన్నాడు. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు కాళ్ళ వేళ్ళూ నేలకి ఆనకపోతే తను అమ్మడట. బ్రేకు మీటకి పిల్ల వేళ్ళు అందాలట, బొటనవేలి మొదలు నుంచి మధ్యవేలి కొస దాకా ఎంతుందో అదీ చెప్పాలట. సైకిళ్ళు అమ్మడం ఆయనకి ఏమాత్రం ఇష్టం లేదని అర్థమై, వెంటనే నమ్మకం కుదిరింది.

కాబట్టి ఆ రెండు కొలతలూ పంపు. బ్రేకు సంగతి మరీ మరీ కనుక్కోమని మా అబ్బాయే చెప్పాడు. వాడికి అలాంటి విషయాల్లో చాలా పట్టింపు.

మీ అత్తగారు

◆

ఇల్లు, వంటింటి బల్ల
నవంబరు మొదట్లో

అత్తగారికి,

ఓడిపోయానని రాయను. పరిస్థితి మారిందని రాస్తాను.

మంగళవారం బుడంకాయ కుంటుకుంటూ వచ్చింది. మెట్ల మీద జారానంది. మోకాలు కడుగుతుంటే దెబ్బలో కంకర తగిలింది. మా మెట్ల మీద కంకర ఎక్కడిది? ఎక్స్‌రే తీశాను, ఎముకకేం కాలేదు. మెల్లగా అడిగితే బయటికొచ్చింది. పైవాటావాళ్ళ మనవడి సైకిల్ తీసుకుని వారాల తరబడి నీళ్ళ ట్యాంకు వెనక ఏటవాలు మీద తొక్కుతోందట. ఆ సైకిల్‌కి బ్రేకుల్లేవు. మరి ఆపడమెలాగే అన్నాను. "గోడ ఉందిగా" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

నేను వద్దన్నందుకు దానికి సైకిల్ రాకుండా పోలేదు, బ్రేకుల్లేని సైకిల్ వచ్చింది. అందుకని ఒప్పుకుంటున్నాను. దీంట్లో కట్టు కట్టే గాజుగుడ్డ ముక్క పెట్టాను, దాని కాలి లోపలి కొలతకి కత్తిరించాను. ఇంకో చిన్న ముక్క చేతివేళ్ళది. గులాబీ రంగు మాత్రం వద్దు. ఆ రంగు చూస్తే అది మూతి ఒక పక్కకి విరుస్తుంది, అచ్చం మీలాగే. ఆ పోలిక నా వైపునుంచి రాలేదు.

పిల్ల వేళ్ళు బ్రేకుకి అందుతాయా లేదా అని మీ అబ్బాయి బెంగ పెట్టుకున్నాడంటే నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను. పిల్ల ఏ తరగతి చదువుతోందో చెప్పమనండి. నమ్మకం ఇంకాస్త గట్టిపడుతుంది.

మీ కోడలు

◆

మా ఇల్లు, ముందు గది
నవంబరు మధ్యలో

కోడలికి,

గాజుగుడ్డ అందింది. ముందు నువ్వు పొరపాటున నీ కాలు కొలిచి పంపావనుకున్నాను. నేల మీద పరిచి చూశాను. తర్వాత తలుపుకి ఆనించి చూశాను. పిల్లలు ఇంత తొందరగా పెరగడం మర్యాద కాదు. మనం ఇటు తిరిగి అటు తిరిగేలోపు కాళ్ళు వచ్చేస్తాయి.

ముభావం కొట్టువాడికి ఇచ్చాను. రెండు ముక్కలూ పట్టుకుని లోపలికెళ్ళి, ఆకుపచ్చది ఒకటి నడిపించుకొచ్చాడు. బుట్ట లేదు, రిబ్బన్లు లేవు, బొమ్మకి కుర్చీ లేదు. రెండు చక్రాలకీ బ్రేకులు, గంట గట్టిగా మోగుతుంది. నేను మోగించి చూశాను, పక్క కొట్టువాడు తిరిగి చూశాడు. పక్కన పెట్టించాను.

మా అబ్బాయికి అన్నీ చెప్పాను, చాలా బాగుందన్నాడు. నాన్న సైకిల్ కొంటున్నాడని పిల్లకి ఒక మాట చెవిన వెయ్యి. తరగతి గురించి నువ్వడిగిన ప్రశ్న చౌకబారుగా ఉంది, జవాబివ్వను.

మీ అత్తగారు

◆

ఇల్లు, వంటింటి బల్ల
డిసెంబరు మొదట్లో

అత్తగారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక గిన్నెలన్నీ తోమేశాను.

మీరు చెప్పినట్టే పిల్లకి చెప్పాను. నిన్న మీ అబ్బాయి ఫోన్ చేశాడు. వేసవి తర్వాత ఇదే మొదటిసారి. నా చేతులకి సబ్బు ఉందని స్పీకర్లో పెట్టాను. అది మర్యాదగా, "సైకిల్‌కి థాంక్స్ నాన్నా" అంది. "ఏ సైకిల్?" అన్నాడు.

కాసేపు కుళాయి చప్పుడు. తర్వాత అతని షోరూము గొంతు వచ్చింది, మీకు తెలుసు కదా, మంచానికి పరుపు ఉచితమని చెప్పే గొంతు. అబ్బో ఆ సైకిలా, అది సర్‌ప్రైజ్ కదా, నీకెవరు చెప్పేశారు, క్రిస్మస్ రోజు నేనే స్వయంగా పట్టుకొస్తాను చూడు అన్నాడు. సరే అని బుడంకాయ ఫోన్ పెట్టేసి హోంవర్కు ముందు కూర్చుంది. నా వైపు చూడలేదు.

అంటే ఇన్నాళ్ళూ మీ అబ్బాయికి తెలియకుండా మీ అబ్బాయి సైకిల్ కొంటున్నాడన్నమాట. రంగుల పెట్టె కూడా అలాగే కొన్నాడు, గ్లోబు కూడా అలాగే కొన్నాడు. పాపం, అతని మంచితనం అతనికే తెలియదు.

మీమీద కోపం తెచ్చుకుందామని రాత్రంతా చూశాను. రాలేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆ ఆకుపచ్చ సైకిల్ వదలకండి. అతను రాడు. వచ్చినా సరైంది తేడు. ఈసారి మీ పేరు మీదే పంపండి.

మీ కోడలు

◆

షోరూము ముందు, మెట్ల మీద
డిసెంబరు మధ్యలో

కోడలికి,

అవునని రాయను, కాదని రాయను. అది తండ్రి ఉన్న పిల్లలా పెరగాలనుకున్నాను, అంతే. నీ జాలి నాకు అక్కర్లేదు.

నీ మాట వినలేదు. వాడు తన నోటితో మాటిచ్చాడు. ఇప్పుడు కూడా నేనే కొంటే వాడు ఇక ఈ జన్మలో కొనడు. ఆకుపచ్చది ఎవరికైనా అమ్ముకోమని కొట్టులో చెప్పేశాను. ముభావం నా వైపు ఒక చూపు చూశాడు. నీ చూపులాంటిదే.

ఇందాకే మా వాడిని కలిశాను. కొత్తగా పెళ్ళయిన జంటకి మంచం అమ్ముతున్నాడు. ఐదు నిమిషాలమ్మా అన్నాడు. కవరు తియ్యని సోఫా మీద కూర్చోబెట్టాడు, కదిలినప్పుడల్లా అది చప్పుడు చేసింది. వాళ్ళు మంచం కొని, బల్ల కొని, తెరలు చూసుకుని వెళ్ళాక వచ్చాడు. గాజుగుడ్డ చేతిలో పెడితే, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని కంగారుపడ్డాడు. కొలత అని చెప్పాను. కొట్టు ఎక్కడుందో చెప్పాను, బ్రేకు సంగతి చెప్పాను. అంతా విన్నాడు. మధ్యలో ఇద్దరికి నమస్కారం పెట్టాడు. చివరికి గుడ్డముక్క వేలికి చుట్టుకుంటూ, "నువ్వు బెంగపెట్టుకోకమ్మా, నేను చూసుకుంటా" అన్నాడు.

వాడు తెస్తాడు. నా కొడుకు.

అత్తగారు

◆

ఆస్పత్రి, ఎక్స్‌రే గది
క్రిస్మస్ తర్వాత

అత్తగారికి,

బెంచీ నిండింది. ఇప్పుడే ఒక మోచెయ్యి పంపించాను, ఇంకో మణికట్టు వచ్చేలోపు రాస్తున్నాను.

మీ అబ్బాయి వచ్చాడు. రాడన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బుడంకాయ పొద్దున్నే లేచి బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుంది. టిఫిను అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చాను. మధ్యాహ్నం దాటాక కారు ఆగింది. డిక్కీలోంచి దించాడు. గులాబీ రంగు. బుట్ట, రిబ్బన్లు, పడిపోకుండా వెనక రెండు బుల్లి చక్రాలు. మధ్య కడ్డీకి పెద్ద ఎర్ర రిబ్బను ముడి. ఐదేళ్ళ పిల్లకి సరిగ్గా సరిపోయే సైకిల్ అత్తగారూ. అతను ఈ ఇంట్లోంచి వెళ్ళేనాటికి బుడంకాయకి ఐదేళ్ళు.

మీరు ఇచ్చిన కొలత ఏమైందని నేను అడగలేదు. ఏ జేబులోనో ఉతుక్కుపోయి ఉంటుంది.

అది కొంచెంసేపు సైకిల్‌ని చూసింది. మూతి విరుస్తుందనుకున్నాను, విరవలేదు. థాంక్స్ నాన్నా అంది. ఎక్కి కూర్చోమన్నాడు, ఫోటో తీస్తాడట. కూర్చుంది. మోకాళ్ళు హ్యాండిల్ దాటి చెవుల దాకా వచ్చాయి. నవ్వమన్నాడు, నవ్వింది. ఎంత బుద్ధిగా నవ్విందంటే నేను లోపలికి వచ్చేశాను. టీ తాగుతూ అతను ఫోటోలు చూసుకున్నాడు, బాగా వచ్చాయన్నాడు, దారిలో ఇంకెక్కడికో వెళ్ళాలని వెళ్ళిపోయాడు.

కారు మలుపు తిరిగాక అది సైకిల్ దిగి రిబ్బన్లు జాగ్రత్తగా సర్దింది. "ఇది మీ ఆస్పత్రిలో చిన్నపిల్లలకి ఇచ్చేద్దామా అమ్మా, నేను తొక్కితే విరిగిపోతుంది" అంది. నాన్నని ఒక్క మాట అనలేదు. మనిద్దరం మూడు నెలలుగా ఎన్ని అనుకున్నాం, దానికి ఒక్కటీ రాలేదు.

సైకిల్ ఇప్పుడు పిల్లల వార్డులో ఉంది. కట్లు విప్పినవాళ్ళు వరండాలో తొక్కుతున్నారు. హెడ్ నర్సు నన్ను తిడుతోంది.

మణికట్టు వచ్చింది. ఉంటాను.

కోడలు

◆

మా ఇల్లు, ముందు గది
జనవరి మొదట్లో

కోడలికి,

వాడు నిన్న ఇంటికొచ్చాడు. ఆ ఫోటో పెద్దది చేయించి, అద్దం బిగించి తెచ్చాడు. హాల్లో పెట్టుకోమని నాకిచ్చాడు. చూశావా అమ్మా, మాట నిలబెట్టుకున్నాను అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. నిజంగానే ఏదో చేశాననుకుంటున్నాడు కోడలా, అదే నేను భరించలేకపోయాను. దుర్మార్గుడైతే బాగుండేది, తిట్టి ఊరుకునేదాన్ని. వీడు తన సరుకు తనే కొని మెచ్చుకునే కస్టమరు.

ఫోటో వాడి చేతికే తిరిగిచ్చి, ఇందులో పిల్ల మోకాళ్ళు ఎక్కడున్నాయో చూపించు అన్నాను. నవ్వుతూనే చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వు ఆపేశాడు.

"ఎప్పుడు ఇంత పెరిగింది?" అన్నాడు.

"నువ్వు ఫోటోలు తీస్తున్నప్పుడు" అన్నాను.

నీళ్ళు కావాలన్నాడు, ఇస్తే తాగలేదు. వెళ్ళేటప్పుడు ఇప్పుడేం చెయ్యమంటావని అడిగాడు. నన్నడగొద్దని చెప్పాను. నువ్వు చెయ్యాల్సినవి నీ పేరు పెట్టి ఇన్నాళ్ళూ నేను చేశాను, ఇక చెయ్యను అన్నాను. గ్లోబు సంగతి, రంగుల సంగతి అప్పుడే వాడికి తెలిసింది. కారులో చాలాసేపు కూర్చుని, ఆ తర్వాత వెళ్ళాడు. ఏం చేస్తాడో తెలియదు. నేను పందెం కాయను.

శనివారం మీ ఊరు వస్తున్నాను. పిల్లని తీసుకుని సైకిళ్ళ కొట్టుకి వెళతాను. నువ్వు ఇంట్లో ఉన్నా లేకపోయినా నాకు ఒకటే.

మీ అత్తగారు

◆

ఆస్పత్రి
అదే వారం

అత్తగారికి,

శనివారం నాకు సాయంత్రం దాకా డ్యూటీ. ఎవరితోనూ మార్చుకోవడానికి కుదరలేదు. మీకు ఒకటే అన్నారు కాబట్టి బాధపడను. అన్నం వండి మూతపెట్టి వెళతాను. ఉప్పు చాలకపోతే డబ్బా పొయ్యి పక్కనే ఉంటుంది, ఉత్తరం రాయనక్కర్లేదు.

కోడలు

◆

నీ వంటింటి బల్ల
శనివారం సాయంత్రం

కోడలికి,

ఉప్పు సరిపోయింది. ఆశ్చర్యపోయాను.

మీ ఊరి కొట్టువాడు వాగుడుకాయ. మా ముభావం ఎంత గొప్పవాడో ఇప్పుడు తెలిసింది. నేను ఒక ఎర్రది చూపిస్తే బుడంకాయ తల అడ్డంగా ఊపింది. నీలం చూపిస్తే దాని మడ్‌గార్డు గోలగా ఉందంది. కొట్టంతా తిరిగి, చివర గోడకి ఆనించి ఉన్న బూడిద రంగుది పట్టుకుంది. దాని మీద బొమ్మ లేదు, రాత లేదు. "దీనికి ఏమీ లేదు, అందుకే బాగుంది" అంది. ఎక్కి, వేళ్ళు నేలకి ఆనించి, బ్రేకు నొక్కి చూసుకుంది. నేను నోరు మూసుకున్నాను. ఇది నా జీవితంలో ఎన్నిసార్లు జరిగి ఉంటుందో నువ్వే ఊహించుకో.

నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళాం. సీటు వెనక పట్టుకుని నేను కూడా పరిగెత్తాను. నాలుగు అడుగులు కాగానే, "వదిలెయ్ నానమ్మా, నువ్వు పడతావ్" అంది. వదిలేశాను. ఏటవాలు దిగి, గోడ ముందు బ్రేకు వేసి, కాలు ఆనించి నిలబడింది. నీ బెంచీకి ఈ ఏడాది ఒకరు తక్కువ.

వెనక్కి వచ్చి గంట మీద వేలు పెట్టుకుని అడిగింది.

"ఇది నాన్న కొన్నట్టా?"

కొన్నాడా అనలేదు చూశావా. కొన్నట్టా అంది. దానికి ఎప్పటినుంచి తెలుసో నాకు తెలియదు. కాదు, నేను కొన్నాను అన్నాను. మరి రంగుల పెట్టో అంది. అదీ నేనే అన్నాను. గ్లోబు సంగతి అడగలేదు. ఇంకో చుట్టు తిరిగి వచ్చింది.

"నాన్నకి చెప్పకు నానమ్మా, ఫీలవుతాడు" అంది.

వాడికి ఇప్పటికే చెప్పేశానని నేను చెప్పలేదు. చెప్పులో రాయి దూరిందని వంగి, చాలాసేపు తీసుకున్నాను.

కోడలా, దాన్ని ఇలా పెంచింది నేను కాదు, మా వాడు అంతకన్నా కాదు. ఇంతకుమించి రాయను. రాస్తే నువ్వు ఫ్రేము కట్టిస్తావు.

నువ్వొచ్చేదాకా ఉండమని పిల్ల అంది. బస్సు ఉందని చెప్పాను. బస్సులు ఇంకా చాలా ఉన్నాయి. పైవాటా బామ్మగారి దగ్గర దాన్ని కూర్చోబెట్టి వెళుతున్నాను.

అత్తగారు

◆

ఇల్లు, గేటు దగ్గర
ఆదివారం

అత్తయ్యా,

మీరు తొందరగా పారిపోయే గొడవలో సైకిల్ తాళంచెవి మీ హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని వెళ్ళిపోయారు. సైకిల్ గేటు కమ్మీలకి గొలుసుతో కట్టేసి ఉంది. మారు తాళంచెవి కూడా అదే రింగులో ఉందట. జాగ్రత్త కోసం రెండూ మీరే ఉంచుకున్నారని బుడంకాయ చెప్పింది. ఎంత జాగ్రత్తో చూడండి.

పొద్దుటినుంచి అది కదలని సైకిల్ మీద ఎక్కి కూర్చుని గంట మోగిస్తోంది. వీధంతా తలుపులు తీసి చూస్తున్నారు. గొలుసు కోయిద్దామా అంటే, "వద్దు, నానమ్మ తెస్తుంది" అంటోంది. మీమీద ఆ నమ్మకం ఎలా కుదిరిందో దానికే తెలియాలి.

తాళంచెవి పోస్టులో పంపకండి. పంపితే అందలేదని చెబుతాను. వచ్చే శనివారం నాకు డ్యూటీ లేదు. ఆఖరి బస్సు దాకా మీరేం తిట్టినా వింటాను, మధ్యలో అడ్డు రాను, వీలైనంత వరకు.

త్వరగా రండి. గంట మోత భరించలేకపోతున్నాను.

మీ కోడలు